నారింజ తొక్క చేసిన మేలు

రేడియో మూత తీసి చూశారా? లోపల చిన్న పలక ఉంటుంది. అదే సర్క్యూట్ బోర్డు. దానిమీద ముక్కల్ని టంకంతో అతికిస్తారు. అప్పుడు జిగురు మరక మిగులుతుంది.

ఆ మరకను ఒకప్పుడు సి.ఎఫ్.సి. అనే మందుతో కడిగేవారు. అది ఆవిరై పైకి పోయేది. పైన ఓజోన్ పొర మనకు గొడుగులాంటిది. చెడ్డ ఎండను ఆపుతుంది. ఆ గొడుగునే ఈ మందు పలచన చేసింది! చెడ్డ ఎండ తగిలితే చర్మ క్యాన్సర్, కంట్లో శుక్లాలు రావచ్చు.

1987లో మాంట్రియల్‌లో దేశాలు కూడి సి.ఎఫ్.సి. తగ్గించాలని ఒప్పుకున్నాయి. 1988లో అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ నారింజ తొక్క నూనెతో కడగొచ్చని చెప్పింది. కొందరు సబ్బునీళ్లు వాడారు. కొందరు కడగనక్కర్లేని జిగురే తెచ్చారు.

నారింజ నూనె నిప్పు తగిలితే మండుతుంది. జాగ్రత్త కావాలి.

2010 నాటికి సి.ఎఫ్.సి. వాడకం దాదాపు ఆగింది. గొడుగు మెల్లగా బాగుపడుతోంది. అందరూ కలిస్తే కానిదేముంది?