హైబ్రిడ్ కారు – ఇంధనపు పొదుపు

బిందువు బిందువు కలిసి సింధువగునని మన పెద్దలు చెప్పుదురు. ఇదే మాటను మా ఉర్దూ శాఖ మిత్రులు ‘ఖత్రా ఖత్రా మిల్ కర్ దరియా బన్‌తా హై’ అందురు. భాషలు రెండైనను భావము ఒక్కటే. ఈ నీతి పెట్రోలు విషయమున ఎంత నిజమో మాకు ఒక మిత్రుని ఇంటి కష్టము వలన తెలిసివచ్చినది.

ఆ మిత్రుని తండ్రిగారు హైదరాబాదులో అద్దెకారు నడుపుదురు. మేమందరము ఆయనను చాచా అని పిలుతుము. ఆయన బ్యాంకులో అప్పు తీసికొని ఒక హైబ్రిడ్ కారు కొనిరి. లీటరుకు 27 కిలోమీటర్లకు పైగా వచ్చునని కాగితములో చూచి, ఆ మిగులుతో అప్పు వాయిదాయు, కుమారుని కళాశాల ఫీజును గడచిపోవునని లెక్క వేసికొనిరి. నెలలు గడచినను బండి ఆ సంఖ్య దరిదాపులకు రాలేదు. “మోసపోయాను బేటా, మామూలు కారు కొన్నా ఇంతే అయ్యేది” అని ఒకనాడు మాతో వాపోయిరి. ఆ సంవత్సరము మా మిత్రుని చదువు ఆగిపోవునేమో అను భయము ఆ ఇంట ఉండెను.

భౌతికశాస్త్ర విద్యార్థులమైన మేము కొన్ని దినములు చాచా ప్రక్కన కూర్చుండి ప్రయాణము చేసితిమి. నాంపల్లి నుండి చార్మినారు వరకు గల ఇరుకు వీధులను చూచితిమి. మెహదీపట్నము నుండి శంషాబాదు విమానాశ్రయము వరకు గల పెద్ద రహదారిని చూచితిమి. మాకు బండిలో లోపమేదియు కనబడలేదు. బండి స్వభావమును మాత్రము ఆయనకు ఎవరును విప్పి చెప్పలేదు. మేము తెలిసికొనిన విషయములను మా సోదర విద్యార్థుల కొరకును, కళాశాల పెద్దల కొరకును ఇచ్చట వివరింప దలచితిమి.

హైబ్రిడ్ అనగానేమి?

ఒకే బండిలో పెట్రోలు ఇంజనును, విద్యుత్ మోటారును కలిసి పనిచేయునట్లు అమర్చినచో దానిని హైబ్రిడ్ కారు అందురు. ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1900 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షే ఇట్టి బండిని నిర్మించెను. అయితే పెద్ద సంఖ్యలో తయారై ప్రజల చేతికి వచ్చిన మొదటి హైబ్రిడ్ కారు టయోటా వారి ప్రియస్. అది 1997 డిసెంబరులో జపానులో విడుదలయ్యెను. మన దేశమునకు హోండా సివిక్ హైబ్రిడ్ 2008లోను, ప్రియస్ 2010లోను వచ్చినవి కాని, వాటి ధర సామాన్యునకు అందలేదు. 2022లో హోండా సిటీ, మారుతి సుజుకి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ కార్లు హైబ్రిడ్ రూపమున వెలువడిన తరువాతనే ఈ విద్య మధ్యతరగతి వాకిలికి చేరినది.

ఇందు రెండు తెగలు కలవు. ‘మైల్డ్ హైబ్రిడ్’ అనుదానిలో మోటారు ఇంజనుకు కొంచెము సాయము మాత్రము చేయును. తానొక్కటే బండిని లాగలేదు. ‘స్ట్రాంగ్ హైబ్రిడ్’ అనుదానిలో ఇంజను నిద్రించుచుండగా మోటారు ఒక్కటే బండిని కొంతదూరము నడపగలదు. మా వ్యాసము ఈ రెండవ తెగను గురించినది.

పొదుపు ఎక్కడ నుండి వచ్చును?

ఈ బండికి బయటి నుండి కరెంటు పెట్టము. కావున దానిలోని విద్యుత్తంతయు మొదట పెట్రోలు నుండి వచ్చినదే. మరి లాభమేమి? వృథాను తగ్గించుటయే లాభము. ఇది మూడు విధములుగా జరుగును.

మొదటిది, బండి నిలిచినప్పుడు ఇంజను ఆగిపోవును. మామూలు కారు సిగ్నలు వద్ద నిలిచి ఊరక పెట్రోలు త్రాగుచుండును. రెండవది, ఇంజను యొక్క ప్రత్యేక నిర్మాణము. దీనిని అట్కిన్సన్ పద్ధతి అందురు. జేమ్స్ అట్కిన్సన్ అను ఆంగ్లేయుడు 1882లో ప్రారంభించిన భావమిది. నేటి ఇంజనులో గాలి లోపలికి వచ్చు కవాటమును కొంత ఆలస్యముగా మూయుటచే, వాయువు సంకోచించిన దానికంటె ఎక్కువ వ్యాకోచించి, అదే పెట్రోలు నుండి ఎక్కువ పని రాబట్టును. ఇట్టి ఇంజనుకు తక్కువ వేగమున బలము కొరవడును. ఆ కొరతను మోటారు తీర్చును. మూడవది, బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి, చక్రముల గతిశక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో దాచును.

ఈ మూడవ అంశమును లెక్కతో చూతము. 1,200 కిలోల బరువు గల బండి గంటకు 72 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 20 మీటర్లు, పోవుచున్నదనుకొనుడు. ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముచే గుణించినచో గతిశక్తి 2,40,000 జౌళ్ళగును. ఒక లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల జౌళ్ళ శక్తి ఉండును. ఇంజను దానిలో 30 శాతము మాత్రమే పనిగా మార్చినదనుకొన్నచో 90 లక్షల జౌళ్ళు చేతికి వచ్చును. ఈ లెక్కన ఆ వేగమును అందుకొనుటకే సుమారు 27 మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చగును. మామూలు కారులో ఒక్క గట్టి బ్రేకుతో ఇదంతయు వేడియై గాలిలో కలిసిపోవును. వేగము సగమైనచో, అనగా 36 కిలోమీటర్లైనచో, నష్టము నాలుగవ వంతే, సుమారు 7 మిల్లీలీటర్లు. ఒక సిగ్నలుకు ఒక చెంచాడు పెట్రోలు! ఖత్రా ఖత్రా అన్నది ఇదియే కదా.

బ్యాటరీ చిన్న కుండ

చాచా చేసిన మొదటి పొరపాటు బ్యాటరీని పెద్ద బావియని తలచుట. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యము 0.76 కిలోవాట్ గంటలు. మన ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్టుకు ముప్పావు వంతు మాత్రమే. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె దానిని ముప్పావు గంటలో త్రాగివేయును. బ్యాటరీ ఆయువు కొరకు యంత్రము దానిని పూర్తిగా నిండనీయదు, పూర్తిగా ఎండనీయదు. కావున అది నిమిషనిమిషమునకు నింపి ఒంపుకొనవలసిన చిన్న కుండ.

చాచా ‘ఈవీ’ అను పచ్చదీపము ఆరిపోకుండుటకై ఖాళీ రోడ్డుపై కూడ నత్తనడక నడిపెడివారు. కుండ ఖాళీ అగును. పిమ్మట ఇంజను మేల్కొని బండిని లాగుటతోపాటు కుండను కూడ నింపవలసి వచ్చును. పెట్రోలు విద్యుత్తుగా, విద్యుత్తు బ్యాటరీలోని రసాయన శక్తిగా, అది మరల విద్యుత్తుగా, చివరకు చలనముగా మారు ప్రతి మెట్టునను కొంత పోవును. కావున బయలుదేరునప్పుడు జంకక, ఉరకక, మధ్యరకముగా యాక్సిలరేటరు నొక్కి తగిన వేగము అందుకొని, తరువాత పాదమును తేలిక చేయవలెను. వేగము పెంచునప్పుడు ఇంజను పనిచేయుట తప్పు కాదు. తగిన బరువు మోయుచున్నప్పుడే దాని సామర్థ్యము మెరుగుగా ఉండును.

వీధులలో పాటింపవలసినవి

రెండవ పొరపాటు బ్రేకు విషయమున జరిగినది. సిగ్నలు వరకు వేగముగా పోయి చివర గట్టిగా బ్రేకు త్రొక్కుట మన నగరపు అలవాటు. మోటారును బ్యాటరీయు ఒక హద్దు వరకే శక్తిని స్వీకరింపగలవు. ఆ హద్దు దాటినచో మిగిలిన పనిని మామూలు రాపిడి బ్రేకులు చేయును. ఆ శక్తి పోయినట్లే. దూరమునుండియే ఎర్రదీపమును, స్పీడు బ్రేకరును, ఆగుచున్న ఆర్టీసీ బస్సును గమనించి, పాదము ముందుగా తీసి, మెత్తగా ఎక్కువ దూరము బ్రేకు వేయవలెను. ఎదుట బండికి తగినంత ఎడము ఉంచినవానికే ఇది సాధ్యము. ఎవడైన అడ్డు వచ్చినప్పుడు మాత్రము పొదుపును మరచి గట్టిగా త్రొక్కవలెను. ప్రాణమునకు మించిన పెట్రోలు లేదు.

వాలులో కొందరు గేరును న్యూట్రలులో పెట్టుదురు. హైబ్రిడ్ కారులో ఇది నష్టము, ప్రమాదము కూడ. న్యూట్రలులో బ్యాటరీ నిండదు. శ్రీశైలము ఘాటువంటి పొడవైన దిగుడులో బ్యాటరీ త్వరలోనే నిండిపోవును. అప్పుడు ‘బి’ అను స్థానమున్న బండ్లలో దానిని వాడినచో ఇంజను బిగువు బండిని పట్టియుంచి బ్రేకులను కాపాడును. సమతలముపై ‘డి’ చాలును.

పెద్ద రహదారిపై

హైబ్రిడ్ కారు లాభము ఆగి ఆగి పోవు చోట ఎక్కువ. ఆగకుండ పోవు చోట తక్కువ. రహదారిపై పట్టుకొనుటకు బ్రేకు శక్తి ఉండదు, ఎదిరించుటకు గాలి ఉండును. గాలి నిరోధము వేగపు వర్గమును అనుసరించి పెరుగును. 80 నుండి 100 కిలోమీటర్ల వేగమునకు పెంచినచో ప్రతి కిలోమీటరుకు గాలితో చేయు పోరు 56 శాతము పెరుగును. విమానాశ్రయపు దారిలో నాలుగైదు నిమిషములు ముందు చేరుటకు చాచా చెల్లించుచుండిన మూల్యమిది. పైకప్పుపై ఖాళీగా ఉన్న సామాను చట్రము కూడ గాలికి అడ్డే. పనిలేనప్పుడు దానిని తీసివేయవలెను.

టైర్లు, ఏసీ, చిన్న ప్రయాణములు

టైర్లలో గాలి తగ్గినచో టైరు నలిగి దొర్లుటకు ఎక్కువ శక్తి తీసికొనును. పదునైదు దినములకు ఒకసారియైన, ఉదయమున టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకొనవలెను. ఎంత గాలి ఉండవలెనో చోదకుని తలుపు దగ్గరి చీటీపై ఉండును. టైరు ప్రక్కన ముద్రించిన సంఖ్య గరిష్ఠ హద్దు, దానిని అనుసరింపరాదు. చాచా బండికి రెండు టైర్లలో గాలి తక్కువగా ఉండెను.

స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లలో ఏసీ కంప్రెసరు విద్యుత్తుతో నడచును. బండి నిలిచి ఇంజను ఆగినను చల్లదనము వచ్చుచుండును. ప్రయాణికుని కొరకు గంటసేపు ఏసీ వేసి కూర్చున్నచో ఆ చిన్న కుండను నింపుటకు ఇంజను మాటిమాటికి లేచును. మే నెల ఎండలో ఏసీ మానుమని మేము చెప్పము. నీడలో నిలుపుట, బయలుదేరు ముందు తలుపులు తెరచి వేడిగాలిని పోనిచ్చుట, 25 డిగ్రీల ప్రాంతమున ఉంచుట చాలును. చాలా బండ్లలో వెనుక సీటు దగ్గర బ్యాటరీకి గాలి పోవు జాలీ ఉండును. దానిపై సంచులు పెట్టరాదు, దుమ్ము చేరనీయరాదు.

చల్లని ఇంజను ఎక్కువ పెట్రోలు త్రాగును. కిలోమీటరు దూరముననున్న అంగడికి మూడుమార్లు పోవుటకంటె మూడు పనులను ఒక ప్రయాణమున ముగించుట మేలు.

సంఖ్యలను ఎట్లు చదువవలెను?

గ్రాండ్ విటారా హైబ్రిడ్ రకమునకు 2022లో ధ్రువీకరించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. ఇట్టి సంఖ్య రోడ్డుపై వచ్చినది కాదు. పరీక్షశాలలో తిరుగు రోలర్లపై బండిని నిలిపి, నిర్ణీత వేగక్రమములో, ఏసీ లేకుండ నడపి తీసినది. బండ్లను ఒకదానితో ఒకటి పోల్చుటకు అది మంచి కొలత. ఇంటి బడ్జెటుకు కాదు. పెట్రోలులో కలియు ఇథనాలుకు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే ఉండుటచే మైలేజీ మరికొంత తగ్గును. తన బండి నిజమెంతో తెలియవలెనన్నచో ఒకే బంకులో ట్యాంకు నిండించి, తిరిగిన దూరమును మరల నిండించిన లీటర్లచే భాగించవలెను. మూడు నాలుగు మారులు ఇట్లు చేసి సగటు తీసికొనవలెను.

సంవత్సరమునకు 15,000 కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చినచో 1,000 లీటర్లు కావలెను. 20 వచ్చినచో 750. 25 వచ్చినచో 600. మొదటి ఐదు కిలోమీటర్లు 250 లీటర్లను మిగుల్చును, తరువాతి ఐదు 150 లీటర్లనే మిగుల్చును. అందుచే చెడ్డ అలవాట్లు మానుకొనుటలోనే పెద్ద లాభము కలదు. చివరి బిందువు కొరకు వెనుకవారికి అడ్డుపడుచు నడుపుట తగదు. 45,000 కిలోమీటర్లు తిరుగు అద్దెకారుకు 15 నుండి 20కి చేరుట 750 లీటర్ల ఆదా. లీటరు నూరు రూపాయలని తక్కువగా వేసికొన్నను 75,000 రూపాయలు. తాను వాడు ముడిచమురులో అధికభాగమును విదేశములనుండి కొను మన దేశమునకు కూడ ఇది మేలు.

చాచా బండికి కాగితములోని 27 నేటికిని రాలేదు; వచ్చునని మేము చెప్పనులేదు. కాని మునుపు నాలుగు దినములకొకసారి బంకుకు పోవువారు ఇప్పుడు ఐదు దినములకొకసారి పోవుచున్నారు. దీనిని ఆయన ‘కిఫాయత్’ అందురు, మేము పొదుపు అందుము. మా మిత్రుడు ఈ సంవత్సరపు ఫీజు కట్టి మా ప్రక్క బల్లపైననే కూర్చున్నాడు. శాస్త్రము పుస్తకములో నిలిచిపోక ఒక ఇంటి దీపమునకు చమురైనది. మాకు అంతకంటె కావలసినదేమి?