చిన్న ట్రాన్స్‌ఫార్మరు... లోడు మించితే కాలుతుంది

మిరప పూత మీద ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరు కాలిందంటే దాని కింద రైతులకు నిద్ర పట్టదు. తడి తప్పితే పూత, పిందె రాలిపోతాయి. పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల ప్రాంతాల్లో బోర్ల కింద సాగు చేసే రైతులకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ ఇబ్బంది తగ్గించేందుకు 2000 సంవత్సరం తర్వాత మన రాష్ట్రంలో విడతల వారీగా వచ్చిందే హెచ్.వి.డి.ఎస్., అంటే అధిక వోల్టేజి పంపిణీ విధానం.

పాత పద్ధతిలో 63 లేదా 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటి పెట్టి, పొలాలకు పొడవాటి ఎల్.టి. తీగలు లాగుతారు. చివరి మోటారుకు వోల్టేజి చాలదు, వైండింగు కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మరు పోతే బోర్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి.

హెచ్.వి.డి.ఎస్.లో 11 కె.వి. లైనునే పొలాల దాకా తెచ్చి, కొద్ది మోటార్లకొక 15 లేదా 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. 100 కె.వి.ఎ. లోడుకు ఎల్.టి. తీగలో సుమారు 133 ఆంపియర్లు పారాలి. 11 కె.వి. తీగలో 5 ఆంపియర్ల పైచిలుకు చాలు. అందుకే తీగలో నష్టం తగ్గుతుంది, వోల్టేజి నిలుస్తుంది. ఒకటి కాలినా మిగతా బోర్లు నడుస్తాయి.

అయితే చిన్నదానికి ఓర్పు తక్కువ. కెపాసిటరు లేని 5 హెచ్.పి. మోటారు సుమారు 6 కె.వి.ఎ. లాగుతుంది. అంటే 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు నాలుగింటికే సరి. చెప్పకుండా ఐదోది తగిలిస్తే నష్టపోయేది అందరూ.

ఇవి పాటించండి:

* 3 హెచ్.పి. మోటారుకు 1, 5 హెచ్.పి.కి 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు పెట్టించండి. అప్పుడు 5 హెచ్.పి. మోటారు లోడు 5 కె.వి.ఎ.కు దగ్గరగా దిగుతుంది. మోటారు ఆగితే కెపాసిటరూ ఆగేలా స్టార్టరు తర్వాత కలపాలి.
* ఆటో స్టార్టర్లు తీసేయండి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు వేసుకోండి.
* ఫ్యూజు పోతే లావు తీగ మెలిపెట్టి వేయవద్దు. మీరే దిమ్మె ఎక్కవద్దు. మీ గట్టు మీదున్నది 11 కె.వి. లైను, ముట్టుకుంటే ప్రాణం దక్కదు.
* ఆయిలు కారుతున్నా, ఇన్సులేటర్లపై సున్నపు బట్టీల దుమ్ము పేరుకున్నా లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కు ఫోను చేయండి.

కొత్త బోరు వేస్తుంటే ముందే అదనపు లోడుకు విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోండి. ఆ పని సీజనుకు ముందే పూర్తయితే, కాపు మీదున్న పైరుకు తడి ఆగదు.