చెట్టు మీద తెల్ల గీత

కొత్త ఊళ్లో దారి తెలియకపోతే ఏం చేస్తాం? ఏ కిళ్లీకొట్టు దగ్గరో ఆగి అడుగుతాం. మరి అడగడానికి మనిషే కనిపించని అడవిలో? 'అందుకేగా అమ్మా, చెట్లకి బొట్లు పెట్టారు!' అంది మా అమ్మాయి. న్యూజెర్సీలో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఓ ఆదివారం నన్ను అపలేచియన్ ట్రెయిల్ మీద నడకకు తీసుకెళ్లింది. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా సాగే కాలిబాట అది. పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు!

ఇంత పొడవునా దారి చూపేది ఓ చిన్న తెల్ల గీత. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. చెట్టు బెరడు మీద, చెట్టు లేనిచోట బండ మీద పెయింటుతో వేస్తారు. దీన్ని 'బ్లేజ్' అంటారు. పూర్వం గొడ్డలితో బెరడు చెక్కి గుర్తు పెట్టేవారట, ఆ పేరే నిలిచిపోయింది.

కాస్త దూరం నడిచాక ఒకే చెట్టు మీద రెండు గీతలు కనిపించాయి. 'ఇదేమిటే?' అన్నాను. ముందు మలుపుంది, జాగ్రత్త అని అర్థమట. పై గీత కుడివైపు జరిగి ఉంటే కుడికి, ఎడమవైపు జరిగి ఉంటే ఎడమకి తిరగాలి. నీలం గీతలైతే పక్కదారి. నీళ్ల దగ్గరికో, రాత్రి తలదాచుకునే పాక దగ్గరికో తీసుకెళ్తుంది. ఆ ప్రాంతపు కొన్ని బాటల్లో ముగ్గు చుక్కల్లా మూడు గుర్తులు త్రికోణంగా ఉంటాయి. బాట మొదలో, చివరో అక్కడే అన్నమాట. చెట్లు మొలవని ఎత్తయిన కొండల మీద రాళ్లు గుట్టగా పేర్చి ఉంచుతారు. మంచు కమ్మినా అవి కనిపిస్తాయి. ఈ గుర్తుల్లో చాలావరకు వేసేదీ, వెలిసిపోతే మళ్లీ దిద్దేదీ జీతం లేని వాలంటీర్లే. తిరుమల మెట్లకి పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కే మన ఆడవాళ్లు గుర్తొచ్చారు నాకు.

ఈ బాట మీద ఎమ్మా గేట్‌వుడ్ అనే బామ్మ కథ చెప్పుకోకపోతే ఎలా? ఒహైయో రాష్ట్రంలో పల్లెటూరి ఇల్లాలు. 11 మంది పిల్లల తల్లి. కొట్టే భర్తతో ఏళ్ల తరబడి వేగి, చివరికి విడిపోయింది. 1954లో మెయిన్ వైపు నుంచి నడక మొదలుపెట్టి దారి తప్పింది. అటవీ సిబ్బంది ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. ఆవిడ వెళ్లింది. మర్నాటి ఏడాది, 67 ఏళ్ల వయసులో, ఈసారి జార్జియా నుంచి బయల్దేరింది! భుజాన చేత్తో కుట్టుకున్న సంచీ, కాళ్లకు కాన్వాస్ బూట్లు. అలా నడుచుకొస్తానని మాత్రమే పిల్లలకి చెప్పిందట. మేలో మొదలుపెట్టి సెప్టెంబరులో పూర్తిచేసింది. ఒక్క విడతలో ఒంటరిగా ఆ బాటంతా నడిచిన మొదటి మహిళ ఆవిడే.

గుర్తుల్ని తేలిగ్గా తీసుకుంటే మాత్రం ప్రమాదమే. 2013లో మెయిన్ అడవిలో ఒకావిడ బాట దిగి కాస్త పక్కకు వెళ్లి, మళ్లీ దారి దొరక్క ప్రాణాలే పోగొట్టుకున్నారు. అందుకే మా అమ్మాయి చెప్పిన జాగ్రత్తలు మీకూ చెబుతున్నా.

• చాలాసేపు గుర్తు కనిపించకపోతే ముందుకు పోకండి. చివరిసారి చూసిన గుర్తు దగ్గరికి వెనక్కి రండి.

• తప్పిపోయామనిపిస్తే కంగారుగా తిరగొద్దు. ఉన్నచోటే ఆగి ఈల వేయండి. మూడుసార్లు వేస్తే సాయం కావాలని అర్థం. సంచీలో ఓ ఈల తప్పకుండా ఉండాలి.

• ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

• సెల్‌ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అడవిలో సిగ్నల్ ఉండకపోవచ్చు. కాగితం మ్యాపు వెంట ఉంచుకోండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మలు వంటగదికీ టీవీకీ మధ్యే ఆర్నెల్లు గడిపేస్తుంటారు. ఈసారి వెళ్తే, ఓ ఆదివారం కాన్వాస్ బూట్లు వేసుకుని బయల్దేరండి. తెల్ల గీతను చదవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు!