పెరిగిన ఇంటిపేరు, తరిగిన ఇంటిపేరు

'ఆర్.ఆర్.ఆర్.' 2022లో విడుదలైనప్పుడు హాల్లో నా వెనక సీటు కుర్రాడు పక్కవాణ్ణి అడిగాడు: "కొమురం అంటే ఏందిరా?" రెండోవాడు తడుముకోలేదు. "కొమురయ్య లెక్క పేరేరా!"

కాదు సుమా! అది ఇంటిపేరు. ఆదిలాబాద్ గోండుల్లో ఆత్రం, మడావి, సిడాం, పెందూర్ ఎలాగో కుమ్రం కూడా అలాగే. అసలు మనిషి పేరు భీం, అంతే.

మన ఇంటిపేర్లలో చాలా మటుకు ఊరిపేర్లే. వేములవాడ, వెలిచాల అంటే చాలు, కరీంనగర్ వాళ్ళకి దారి తెలిసిపోతుంది. స్పెయిన్‌లోనూ ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లయిన కుటుంబాలు బోలెడు. కాకపోతే వాళ్ళు తండ్రిదీ తల్లిదీ రెండూ తగిలించుకుంటారు, అదీ పేరు తర్వాత. గోండుల లెక్క వేరు. ఇంటిపేరు చెబితే ఊరు కాదు, దేవుళ్ళు తెలుస్తారు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ళ వాళ్ళని వేరు వేరు 'సగ'లు. ఒకే సగలో పుట్టినవాళ్ళంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే, పెళ్ళి కుదరదు. మెస్రం వారిని చూడండి. పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా దగ్గర ఆ వంశమంతా చేరుతుంది, కొత్త కోడళ్ళని దేవుడికి చూపిస్తారు. ప్రాణహిత దాటి మహారాష్ట్రలోకి వెళ్ళినా ఈ ఇంటిపేర్లే ఎదురవుతాయి. రాష్ట్రాల గీతలు తర్వాత వచ్చాయి లెండి.

1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకి భీం నేలకొరిగాడు. అల్లాణి శ్రీధర్ 1990లో ఆయన కథ తీశారు. భూపాల్ రెడ్డి భీం వేషం కట్టిన ఆ చిత్రం హాళ్ళకి వచ్చేసరికి 2010! 2016లో ఆసిఫాబాద్ జిల్లాకే ఆయన పేరు పెట్టారు. కొమరం, కొమురం, కుమురం, కుమ్రం... ఒక్కో బోర్డు మీద ఒక్కో రకం. తెలుగు నోటికి తగ్గట్టు అక్షరాలు సర్దుకున్నాం గానీ, అది వంశం పేరని ఎవరూ చెప్పలేదు. నాకు కష్టంగా అనిపించేది అదే. ఆ ఇంటిపేరున్న వాళ్ళు ఇవాళ్టికీ అక్కడే ఉన్నారు మరి.

దీనికి తలకిందుల కథ కరీంనగర్‌ది. 1909లో అక్కడ పుట్టిన పైడిపాటి వారబ్బాయి ఇరవయ్యేళ్ళ వయసులో, 1929లో, బొంబాయి మూకీల్లో చేరాడు. ఇంటిపేరు ముందుండటం మన పద్ధతి, బొంబాయికి అది బరువు. పైడిపాటి కాస్తా పైడి అయింది, పైడి కాస్తా పి. అయింది, ఆఖరికి ఒట్టి జైరాజ్ మిగిలాడు. 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు వచ్చినప్పుడు, ఈయన మనవాడేనా అని అడిగినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. పోయింది నాలుగక్షరాలే, వాటితోపాటు పుట్టిన ఊరూ మరుగునపడింది. ఆయన 2000లో బొంబాయిలోనే కన్నుమూశాడు.

హైదరాబాదు రవీంద్రభారతిలో ఒక ప్రివ్యూ థియేటర్‌కి ఆయన పేరే పెట్టారు. బోర్డు మీద పైడి జైరాజ్ అని ఉంటుంది. 'పాటి' ఇంకా బొంబాయి నుంచి రాలేదు.