ఆకాశంలో పదిహేనేళ్ల కొలువు

వికారాబాద్ జిల్లా బంట్వారంలో ఏ మిద్దె ఎక్కి చూసినా డిష్‌లే. డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఆగ్నేయానికి చూస్తుంది. తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ పాఠాల కోసం బిగించే డిష్‌ను మాత్రం నైరుతికి తిప్పాలి. బంట్వారం దాదాపు 77.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఫ్రీ డిష్ చానళ్లు పంపే ఉపగ్రహం 93.5 డిగ్రీల దగ్గర, అంటే మనకు తూర్పున ఉంటే, టీ-శాట్ ఉపగ్రహం 55 డిగ్రీల దగ్గర, పడమటి పక్కన ఉంది. తాండూరులోనైనా వికారాబాద్‌లోనైనా ఇంతే, తేడా వెంట్రుకవాసి. మెకానిక్ ఒకసారి సిగ్నల్ పట్టి బోల్టులు బిగించాడంటే, గాలివానకు ఒరిగితే తప్ప ఏళ్ల తరబడి ఆ డిష్‌ను ముట్టుకునే పనుండదు.

ఆ బోల్టు కదలక్కర్లేకుండా చూడటానికి పైన ఒక యంత్రం, కర్ణాటకలోని హాసన్‌లో ఉన్న ఉపగ్రహాల నియంత్రణ కేంద్రంలో రాత్రీ పగలూ డ్యూటీ చేసే ఇంజినీర్లు ఎంత శ్రమ పడతారో మన ఊళ్లలో చాలామందికి తెలియదు. తెలియాల్సిన సంగతి అది.

ఒకప్పుడు ఫ్రీ డిష్ చానళ్లు పంపిన ఇన్‌శాట్-4బీ ఉపగ్రహం జీవితాన్నే తీసుకుందాం. 2007 మార్చి 12న, మనకింకా తెల్లవారకముందే, దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ మీద వెళ్లింది. బరువు 3,025 కిలోలు. అందులో సగానికి పైగా ఇంధనమే. రాకెట్ దాన్ని కోలగా సాగిన కక్ష్యలో వదిలేసింది. అక్కడి నుంచి హాసన్ కేంద్రం సొంత ఇంజిన్‌ను దఫదఫాలుగా మండించి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. ఆ ఎత్తులో సెకనుకు మూడు కిలోమీటర్ల వేగంతో తిరిగే వస్తువు భూమి చుట్టొచ్చే సమయం, భూమి తన చుట్టూ తాను తిరిగే సమయం ఒకటే. అందుకే కింద నుంచి చూసేవాళ్లకు అది ఒక్కచోటే ఉన్నట్టుంటుంది. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ ఆ ఏడాదే దాని మీదికి మారింది.

పని చూస్తే సూటిగానే ఉంటుంది. ఢిల్లీ తోడాపూర్‌లోని పెద్ద యాంటెనా పంపిన సంకేతం అందుకోవడం, దాని ఫ్రీక్వెన్సీ మార్చడం, బలం పెంచి దేశమంతటికీ చల్లడం. ఆ బలం పెంచే గొట్టం ఒక్కోదాని శక్తి 140 వాట్లు, మన ఇంట్లో రెండు సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటంత. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా పరుచుకునే సరికి అందులో ఒక డిష్‌లో పడేది లెక్కకు అందనంత తక్కువ. ఆ కాస్తనే పోగుచేసి, డిష్ ముందు కొమ్ముకు తగిలించిన ఎల్‌ఎన్‌బీ అనే పరికరం బొమ్మకు సరిపడా చేసి కిందికి పంపుతుంది. మబ్బు ముసిరి గట్టి వాన పడితే బొమ్మ ఆగిపోయేది కూడా అందుకే. వాన చినుకులు ఆ కాస్తనూ తాగేస్తాయి.

కాలు నిలవని కాపలా

అసలు కష్టం ఉన్నచోట ఉండటంలోనే. సూర్యచంద్రుల ఆకర్షణ ఉపగ్రహాన్ని ఉత్తర దక్షిణాలకు ఊపుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే దాని దారి ఏడాదికి దాదాపు ఒక డిగ్రీ ఒరిగిపోతుంది. కక్ష్యకు చేరాక మిగిలిన ఇంధనంలో ఎక్కువ భాగం దీన్ని సరిచేయడానికే ఖర్చవుతుంది.

రెండో లాగుడు ఇంకా విచిత్రం. భూమధ్యరేఖ నిండు వలయం కాదు, కాస్త కోలగా ఉంటుంది. దానివల్ల ఈ కక్ష్యలో ఉన్న ప్రతిదీ మెల్లగా జారుతుంది. జారి జారి నిలకడకు వచ్చే చోట్లు భూమి చుట్టూ రెండే. ఒకటి 75 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, అంటే బంట్వారానికి రెండున్నర డిగ్రీలు పడమట. 93.5 డిగ్రీల దగ్గరున్నది పడమరకు జారుతుంది, 55 దగ్గరున్నది తూర్పుకు. ఫ్రీ డిష్ ఉపగ్రహమూ టీ-శాట్ ఉపగ్రహమూ రెండూ మన వైపే వచ్చేయాలని చూస్తుంటాయన్నమాట! ఇంధనం అయిపోయి అనాథలైన పాత ఉపగ్రహాలు కొన్ని ఈ 75 డిగ్రీలకు అటూ ఇటూ ఇప్పటికీ ఊగుతున్నాయి. పనిలో ఉన్నవాటిని అలా పోనివ్వకుండా హాసన్ వాళ్లు చిన్న చిన్న ఇంజిన్లు మండించి వెనక్కి నెడుతుంటారు. ఒక్కోదానికి ఇచ్చిన జాగా పక్కకు దాదాపు 150 కిలోమీటర్లు. అది దాటితే పొరుగు ఉపగ్రహంతో పేచీ, కింద డిష్‌లకు సిగ్నల్ తగ్గుదల.

మార్చిలో, సెప్టెంబరులో మరో పరీక్ష. ఆ రోజుల్లో భూమి నీడ పడుతుంది. ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు సౌర పలకలకు వెలుగుండదు, బ్యాటరీల మీదే బతకాలి. 93.5 దగ్గరున్న దానికి ఇది మన రాత్రి పదకొండుంపావు ప్రాంతంలో, 55 దగ్గరున్న దానికి ఒంటిగంటన్నర దాటాక. ఇంకో చిక్కు పట్టపగలే వస్తుంది. మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు వచ్చే వేళకు, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ రేడియో హోరులో కొన్ని నిమిషాలు సంకేతం మునిగిపోతుంది. బంట్వారంలో ఫ్రీ డిష్‌కు ఇది పగలు పదకొండింటి ప్రాంతంలో, టీ-శాట్ వైపు డిష్‌కు మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో. బడి నడిచే వేళ! టీచర్లు సెట్టు చెడిపోయిందని మెకానిక్‌ను పిలవనక్కర్లేదు, కాసేపు ఆగితే చాలు.

2010 జులైలో ఇన్‌శాట్-4బీకి పెద్ద జబ్బే చేసింది. సౌర పలకల నుంచి రావాల్సిన కరెంటు తగ్గిపోయింది. సంకేతాలు అందుకుని తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్లలో సగం ఆపేయక తప్పలేదు. మెకానిక్ వెళ్లలేని చోటు అది. అయినా మిగిలిన సగంతో మరో పదకొండేళ్లకు పైగా బతికింది. ఫ్రీ డిష్‌ను తర్వాత, 2015 నవంబరులో వెళ్లిన జీశాట్-15కు అప్పగించారు. అదీ 93.5 డిగ్రీలకే వచ్చింది కాబట్టి డిష్‌లు దిక్కు మార్చుకోవాల్సిన పని పడలేదు. 2022 జనవరి 17 నుంచి 23 వరకు పదకొండు దఫాలు ఇంజిన్లు మండించి, తోటి ఉపగ్రహాలకు అడ్డు రాకుండా ఇన్‌శాట్-4బీని 340 కిలోమీటర్లు పైకి నెట్టారు. 24న శాశ్వతంగా ఆపేశారు. చివరి బొట్లు ఇందుకోసం దాచి ఉంచడం హాసన్ వాళ్ల క్రమశిక్షణ. అన్ని ఉపగ్రహాలకూ ఈ అదృష్టం లేదు. 1982 ఏప్రిల్‌లో వెళ్లిన ఇన్‌శాట్-1ఏ సెప్టెంబరుకే ఇంధనం అయిపోయి చేజారింది.

అరువు ఉపగ్రహం

మన పల్లెకు ఉపగ్రహ పాఠం మొదట వచ్చింది మనది కాని ఉపగ్రహం నుంచి. 1975 ఆగస్టు 1న ఉపగ్రహ టీవీ పాఠాల ‘సైట్’ ప్రయోగం మొదలైంది. అమెరికా తన ఏటీఎస్-6ను ఒక్క ఏడాదికి 35 డిగ్రీల తూర్పుకు జరిపి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లు. తాండూరు పొరుగునున్న గుల్బర్గా జిల్లా ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. సెట్లు మన హైదరాబాద్ ఈసీఐఎల్ తయారీ. యాంటెనా చూస్తే కోళ్లగూటి జాలీ! మూడు మీటర్ల చట్రానికి ఆ జాలీ పరిచి ఆకాశానికి తిప్పారు. హైదరాబాద్ కేంద్రంలో తీసిన కార్యక్రమాలకు బొమ్మ ఒకటే, మాట రెండు భాషల్లో. తెలుగు ఊరికి తెలుగు, కన్నడ ఊరికి కన్నడం. పొద్దున బడిపిల్లలకు గంటన్నర, సాయంత్రం ఊరందరికీ రెండున్నర గంటలు.

1976 జులై 31తో గడువు ముగిసింది. ఏటీఎస్-6 వెళ్లిపోయింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో, గుల్బర్గాలో దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాయి గానీ, టవర్ అందని పల్లెలకు జాలీ మాత్రమే మిగిలింది. ఏడాదిపాటు పాఠం చూపించి ఆపేయడం నాకు ఇప్పటికీ కష్టంగానే అనిపిస్తుంది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లేదాకా చదువుకంటూ మనకు సొంత ఉపగ్రహమే లేదు. అది 74 డిగ్రీల దగ్గర ఆరేళ్లు పనిచేసి 2010లో విరమించింది.

ఇప్పుడు టీ-శాట్ పాఠాలు వచ్చే 55 డిగ్రీల దగ్గర జీశాట్-8, జీశాట్-16 పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది 2011 మేలో వెళ్లింది. పన్నెండేళ్లకని కట్టిన దాని ఆయుష్షు 2023లోనే నిండింది. రెండోది 2014 డిసెంబరులో వెళ్లింది, దానికీ పన్నెండేళ్లే. వీటి తర్వాత వచ్చేది ముందే సిద్ధం కావాలి, అదీ ఈ 55 డిగ్రీలకే రావాలి. వేరే చోటికి వస్తే మాత్రం నైరుతికి బిగించిన ప్రతి బడి డిష్ దగ్గరికీ మెకానిక్ స్పానర్ పట్టుకుని వెళ్లాలి.