తొలి పెద్ద చిలుక ఎంపిక - సికింద్రాబాద్ గృహస్థు లెక్కించవలసిన సంవత్సరాలు

సికింద్రాబాద్‌కు ఆ పేరు 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఏర్పడింది. సికందర్ అంటే అలెగ్జాండర్. అదే పేరును మోస్తున్న పక్షి ఒకటి మన దేశంలో ఉంది. గ్రీకు చక్రవర్తి పంజాబు ప్రాంతం నుండి ఐరోపాకు పంపించాడని చెప్పుకునే అలెగ్జాండ్రైన్ చిలుక, శాస్త్రనామం సిట్టాక్యులా యూపాట్రియా, మన పొలాల్లో కనిపించే రామచిలుక కంటే బాగా పెద్దది. తోకతో కలిపి సుమారు 58 సెం.మీ. పొడవు, పావు కిలో బరువు, భుజాల మీద ఎర్రని మచ్చ, బరువైన ఎర్రని ముక్కు దీని గుర్తులు. పెద్ద చిలుకను పెంచుకోవాలని తొలిసారి తలచిన కుటుంబానికి మొదట స్ఫురించేది ఇదే. జామపండు తింటుంది, మన ఎండను తట్టుకుంటుంది, మాటలు నేరుస్తుంది. అయితే ఈ పక్షిని ఇంట్లో ఉంచుకోవడం నేరం.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దేశీయ చిలుకలకు రక్షణ కల్పించింది. 1990-91 నుండి దేశీయ పక్షుల వ్యాపారం నిషిద్ధం. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన 2022 నాటి సవరణ, సాధారణ ఉల్లంఘనలకు జరిమానా పరిమితిని 25,000 రూపాయల నుండి లక్ష రూపాయలకు పెంచింది. అయినా చిలుకను పెంచడం తప్పని తెలియని ఇళ్లు జంటనగరాల్లో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. చార్మినారు సమీపంలోని ముర్గీ చౌక్‌లో పక్షుల అమ్మకాలకు దశాబ్దాల చరిత్ర ఉంది. జోస్యం చెప్పే చిలుకను చూస్తూ పెరిగిన సమాజానికి పంజరంలోని చిలుక నేరంగా తోచదు. పూర్వజన్మలో ఒక చిలుకను 12 రోజులు పంజరంలో బంధించినందుకే భద్రాచల రామదాసు గోల్కొండ చెరసాలలో 12 ఏళ్లు గడిపాడని జనశ్రుతి. రోజుకు ఏడాది చొప్పున శిక్ష వేసిన ఆ లెక్క నేటి చట్టంలో లేదు గాని, తప్పేమిటో ఆ కథ చెప్పినవారికి తెలుసు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది. పట్టణ పంజరంలోని దేశీయ చిలుక ఏదో గ్రామంలో, చెట్టు తొర్రలోని గూటి నుండి ఈకలు రాని దశలో తీసినదే. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, జొన్న పైర్లలో రామచిలుక చేసే నష్టం రైతుకు తెలిసినదే గనుక, పిల్లలను పట్టి అమ్మితే పీడ విరగడవుతుందన్న వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. పొద్దుతిరుగుడు గింజ పాలుపోసుకునే దశలో ఒకవైపు ఎరుపు, మరొకవైపు వెండి రంగు ఉన్న మెరిసే రిబ్బన్లను మెలిపెట్టి కట్టి పక్షులను బెదరగొట్టడం సిఫార్సు చేసిన పద్ధతి. గూళ్లు దోచడం పంట రక్షణ కిందికి రాదు.

ఇక మిగిలేవి విదేశీ జాతులు. బూడిదరంగు ఆఫ్రికా చిలుక, మకావ్, కాకటూ, అమెజాన్, ఎక్లెక్టస్ ఈ కోవలోనివి. వీటిని పెంచుకోవచ్చు, కాని వీటికి లెక్క ఉంది. మనదేశం 1976లో చేరిన సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం చిలుక జాతులలో దాదాపు అన్నింటినీ తన అనుబంధాలలో చేర్చింది. రామచిలుక, బడ్జరిగార్, కాకటీల్, గులాబీముఖపు లవ్‌బర్డ్ మాత్రమే వెలుపల ఉన్నాయి. అంతర్జాతీయ జాబితా వదిలిన రామచిలుకను మన చట్టం కాపాడుతుండగా, మన చట్టం చాలాకాలం పట్టించుకోని మకావ్‌ను అంతర్జాతీయ జాబితా కాపాడింది. 2022 సవరణతో ఈ ఖాళీ పూడింది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమాల ప్రకారం సైటీస్ జాబితాలోని ప్రాణి చేతిలో ఉన్నవారు పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకునికి తెలియజేసి నమోదు చేయించుకోవాలి. అప్పటికే పెంచుతున్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. కొత్తగా పక్షిని పొందినవారికి ఆ గడువు 30 రోజులు. మొదటి అనుబంధంలోని జాతులతో పిల్లలు తీయించేవారికి లైసెన్సు తప్పనిసరి. కాలికి మూసిన కడియం ఉన్నదా, అమ్మినవారి నమోదు పత్రం ఉన్నదా అని అడగకుండా డబ్బు చెల్లించినవారు తరువాత ఆ పక్షిని చట్టబద్ధం చేసుకోలేక చిక్కుల్లో పడతారు. మూసిన కడియాన్ని పిల్ల వయస్సు కొద్ది వారాలలోపు ఉన్నప్పుడే తొడగగలరు. ఎదిగిన పక్షి కాలికి అది ఎక్కదు. పక్షి పంజరంలోనే పుట్టిందనడానికి దానికి విలువ ఉన్నది అందుకే.

ఏ జాతి అన్న ప్రశ్నను అందరూ ముందు అడుగుతారు. ముందు అడగవలసినది ఆయుష్షు గురించి. మకావ్ చక్కని పోషణలో 50 ఏళ్లు దాటుతుంది. బూడిద చిలుక, కాకటూలు 40 నుండి 60 ఏళ్లు జీవించగలవు. మారేడుపల్లిలో రెండు పడకగదుల ఫ్లాటు, దంపతులిద్దరికీ మాదాపూర్‌లో ఉద్యోగం అనుకుందాం. ఉదయం ఎనిమిదికి తాళం పడిన ఇల్లు రాత్రి ఎనిమిదికి తెరుచుకుంటుంది. అడవిలో రోజంతా గుంపుతో తిరిగే ప్రాణికి అది 12 గంటల ఏకాంతం. విసుగు, ఒంటరితనం మూలంగా పెద్ద చిలుకలు తమ ఈకలను తామే పీక్కుంటాయి. ఒకసారి అలవాటైతే మానిపించడం చాలా కష్టం. సైనిక్‌పురిలో 58 ఏళ్లకు పదవీ విరమణ చేసిన గృహస్థు విషయం వేరు. ఆయనకు తీరిక ఉంది, పెరడు ఉంది, అయితే ఏడాది వయస్సున్న మకావ్ ఆయన కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. పిల్లలు అమెరికాలో ఉన్నారనుకుంటే, 1992 నాటి వన్యపక్షుల సంరక్షణ చట్టం, సైటీస్ అనుమతులు, క్వారంటైన్ దాటితే గాని ఆ పక్షి అక్కడికి చేరదు. తండ్రి పోయాక వారం రోజుల సెలవుపై వచ్చిన కుమారుడికి ఇవన్నీ పూర్తిచేసే వ్యవధి ఉండదు. కనుక పక్షిని కొనే ముందే ఇంట్లో లేదా దగ్గరి బంధువులలో 35 ఏళ్లలోపు వ్యక్తి ఒకరు ఆ బాధ్యతను ఒప్పుకొని ఉండాలి. ఒప్పుకునేవారు దొరకని ఇంటికి కాకటీల్ చాలు. దాని ఆయుష్షు 15-20 ఏళ్లు, నమోదు బాధ కూడా లేదు.

బూడిదరంగు ఆఫ్రికా చిలుక తెలివికి ప్రసిద్ధి. ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో షికాగోలో కొన్న అలెక్స్ అనే చిలుక వందకు పైగా మాటలు నేర్చి, రంగులు, ఆకారాలు గుర్తించి, ఆరు వరకు లెక్కించి, 2007లో 31 ఏళ్ల వయస్సులో మరణించింది. ఆ కీర్తి ఈ జాతికి మేలు చేయలేదు. ఘానాలో ఈ చిలుకల సంఖ్య 1990ల తొలినాళ్ల నుండి 90 శాతానికి పైగా పడిపోయిందని పరిశోధకులు నమోదు చేశారు. 2016లో జొహానెస్‌బర్గ్ సమావేశం దీన్ని సైటీస్ మొదటి అనుబంధంలోకి మార్చింది. పత్రాల కష్టం అలా ఉంచి, మొదటిసారి పెంచేవారికి ఈ పక్షి స్వభావరీత్యా కూడా తగదు. పంజరం చోటు మారినా, ఇంట్లో కొత్త మనిషి అడుగుపెట్టినా కలత చెందుతుంది. తెలివైన పక్షి సులభమైన పక్షి అవుతుందన్న ఊహ ఇక్కడే బెడిసికొడుతుంది.

కాకటూ మనిషిని అంటిపెట్టుకుని ఉండాలనుకుంటుంది, విడిచివెళ్తే అరుస్తుంది. దాని ఒంటి నుండి రాలే పొడి ఉబ్బసం ఉన్న ఇంటికి పనికిరాదు. ఎక్లెక్టస్‌లో మగపక్షి ఆకుపచ్చ, ఆడపక్షి ఎరుపు. ఒకే జాతివని పూర్వం శాస్త్రవేత్తలే గుర్తించలేదు. ఇది నెమ్మదైన పక్షి, పండ్లు, కూరగాయలు విరివిగా కోరుతుంది, ఆ ఖర్చు భరించేవారికి బాగుంటుంది. అమెజాన్ చిలుక తిండిపోతు, త్వరగా కొవ్వెక్కుతుంది. నీలి-పసుపు మకావ్ కిలో బరువు, మీటరుకు పైగా రెక్కల విప్పు, 100 డెసిబెల్స్ దాటే గొంతు గల పక్షి. ఉదయం, సాయంత్రం అరవడం దాని నైజం, శిక్షణతో అది పోదు. అపార్ట్‌మెంటులో గోడకు అవతల ఉన్నవారి సమ్మతి లేకుండా దాన్ని తేవడం తగవు కొనితెచ్చుకోవడమే. స్వంత పెరడు, పగలంతా మనుషులు ఉండే ఉమ్మడి కుటుంబం అయితే, పెద్ద చిలుకలలో తొలిసారికి ఎక్లెక్టస్, ఆ తరువాత నీలి-పసుపు మకావ్ అనుకూలమని చెప్పవచ్చు. నేలకు తగిన రకాన్ని ఎంచాలని రైతుకు చెప్పే శాస్త్రవేత్త ఇక్కడ ఇంటికి తగిన జాతిని ఎంచమనక తప్పదు.

మేత విషయంలో వ్యవసాయ పట్టభద్రుడు చేయగల ఉపకారం ఎక్కువ. పొద్దుతిరుగుడు గింజల గిన్నె పెట్టి పంజరం మూయడం మన దగ్గర సర్వసాధారణమైన పొరపాటు. ఆ పప్పులో సగం నూనె. కాల్షియం స్వల్పం, భాస్వరం దానికి ఎన్నో రెట్లు, విటమిన్ ఎ దాదాపు శూన్యం. ఏళ్ల తరబడి అదే తిన్న చిలుకకు కాలేయంలో కొవ్వు చేరుతుంది, నోటిలో, ముక్కులో పుండ్లు పడతాయి. బూడిద చిలుకలో కాల్షియం లోపం మూర్ఛలకు దారితీస్తుంది. చిలుకల కోసం తయారైన గుళికల దాణాకు తోడు మన పంటలే ఆ లోటును చక్కగా పూరిస్తాయి. రాగులలో 100 గ్రాములకు 340 మి.గ్రా.కు పైగా కాల్షియం ఉంది. మొలకెత్తిన పెసలు, కొర్రలు, సజ్జలు, లేత మునగాకు, ఉడికించిన నారింజరంగు చిలగడదుంప, క్యారెట్, బొప్పాయి రోజూ కొద్దిగా ఇవ్వాలి. పండుమిరప కూడా మంచిదే, మిరప ఘాటును గుర్తించే గ్రాహకం పక్షులలో ఆ ఘాటుకు స్పందించదు. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టివేస్తాయి గనుక అది తక్కువగా ఉండాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ విషతుల్యం.

వేరుశనగను చాలామంది ప్రేమతో పెడతారు. సరిగా ఎండని కాయలలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం పెరిగి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దశాబ్దాలుగా పరిశోధిస్తున్న సమస్య ఇదే. మనుషుల ఆహారానికి పనికిరాదని తోసేసిన కాయ పక్షుల మేతలోకి మళ్లే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ముడతలు పడిన, రంగు మారిన గింజ ఒక్కటి కనిపించినా ఆ సంచిని వాడకూడదు. ఇంతకంటే ప్రమాదకరమైనది విత్తనశుద్ధి చేసిన విత్తనాల మిగులు. థైరమ్, ఇమిడాక్లోప్రిడ్ పట్టించిన రంగు జొన్నలు, మొక్కజొన్నలు కడిగినా పక్షికి పెట్టరాదు. ఊరి నుండి బంధువు తెచ్చి ఇచ్చిన సంచిలో ఏమున్నదో ఈ ఒక్క విషయంలో తప్పక విచారించాలి.

ఇంట్లోని ప్రమాదాలు తక్కువేమీ కావు. పక్షి ఊపిరితిత్తులు, గాలితిత్తులు ఆక్సిజన్‌ను ఎంత సమర్థంగా పీలుస్తాయో విషవాయువును కూడా అంతే సమర్థంగా పీలుస్తాయి. బాగా మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ పక్కగదిలోని చిలుకను నిమిషాలలో చంపగలదు. దోమల చుట్టలు, సాంబ్రాణి, అగరుబత్తి పంజరానికి దూరంగా ఉండాలి. గదిలో విడిచినప్పుడు సీలింగు ఫ్యాను ఆపకపోతే అదే అంతం. జింకు పూత పెళుసుగా లేచే తీగ పంజరం కొరికే పక్షికి విషం, స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనా అదే మేలు. వాలడానికి వేప, జామ కొమ్మలు కట్టవచ్చు. గన్నేరు కొమ్మ ప్రాణాంతకం. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకున్న పక్షికి నీడ, నీటి తుంపర వెంటనే కావాలి.

కళ్లు తెరవని పిల్లను తెచ్చి సిరంజితో ఆహారం పెడితే మచ్చిక అవుతుందన్న ప్రచారాన్ని నమ్మడం తగదు. గోరువెచ్చదనం కొద్దిగా మించినా క్రాప్ అనే ఆహారసంచి కాలిపోతుంది. తగ్గితే మేత అందులోనే పులుస్తుంది. పొరపాటున శ్వాసనాళంలోకి పోతే బతకదు. స్వయంగా తినడం నేర్చిన పక్షినే తీసుకోవాలి. పెంచలేక వదులుకుంటున్న ఇంటి నుండి నమోదు పత్రాల మార్పిడితో ఎదిగిన పక్షిని తీసుకోవడం తొలిసారి పెంచేవారికి మరింత మేలు. దాని అరుపు ఎంత, కరుస్తుందా, ఎవరిని ఇష్టపడుతుంది అన్నవి అప్పటికే తేలి ఉంటాయి. ఆడదా, మగదా అన్నది మకావ్‌లో చూపుతో తెలియదు, ఈక లేదా రక్తంతో డీఎన్ఏ పరీక్ష చేయించాలి. పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుని కొనుగోలుకు ముందే వెతికి పెట్టుకోవాలి. చిలుకల నుండి మనుషులకు సోకే సిట్టకోసిస్ పరీక్షకు ఆయన సలహా అవసరం. ఇంట్లో వేరే పక్షులుంటే కొత్తదాన్ని కనీసం 30 రోజులు విడిగా ఉంచాలి.

కొత్త ఇంటికి వచ్చిన ఎదిగిన చిలుక మొదటి వారాల్లో మాట్లాడకపోవచ్చు, మూలకు జరిగి కూర్చోవచ్చు. దాన్ని బలవంతంగా చేతిమీదికి ఎక్కించే ప్రయత్నం చేయకుండా గ్రాములలో తూచే త్రాసు ఒకటి పంజరం పక్కన ఉంచి, రోజూ ఉదయం మేతకు ముందు బరువు చూసి పుస్తకంలో రాయాలి. చిలుక జబ్బును ఈకల కింద దాచుకుంటుంది. కిలో మకావ్ 900 గ్రాములకు దిగిందంటే అది బాగా తింటున్నట్లు కనిపించినా, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.