పశువులశాలకు, గడ్డికుప్పకు ఎడం ఉంచండి

2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో మంటలు లేచి 30కి పైగా మరపడవలు కాలిపోయాయి. అది మహానగరం. చెంతనే సముద్రం. ఫైరింజన్లూ వచ్చాయి. అయినా పక్కపక్కనే కట్టి ఉన్న పడవలను మంట ఒకదాని తరువాత ఒకటిగా అందుకొంది.

చోడవరం, అనకాపల్లి వైపు మన పల్లెల్లోనూ ప్రమాదం ఇదే. తాటాకు పాకకు ఆనుకొని పశువులశాల, శాల వెనుకనే గడ్డికుప్ప. వానలో మేత తేవడం తేలికని అలా పెట్టుకొంటాము. ఎండాకాలపు గాలికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఫైరింజను వచ్చేలోగా అంతా బూడిదే. పలుపుతో కట్టిన పశువు పారిపోలేదు. అప్పు తీరకముందే ఆవు పోతే ఆ ఇల్లు కోలుకొనుట కష్టము.

కనుక మేము సంఘాలలో చెప్పేది ఇది. కుప్పను శాలకు, పొయ్యికి, కరెంటు తీగలకు దూరంగా వేయండి. తడిగడ్డిని కుప్ప వేయకండి. అది లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకోవచ్చును. పొయ్యి బూడిదను నీళ్లు చల్లి ఆర్పాకనే బయట పోయండి. పశువును ఒక్కసారి లాగితే ఊడే ముడితో కట్టండి. శాలవద్ద నీళ్లతొట్టి నింపి ఉంచండి. కరెంటు మంటైతే మెయిన్ ఆపనిదే నీళ్లు పోయరాదు. మంట చూచిన వెంటనే 101కు ఫోను చేయండి. చూరు అంటుకొన్నాక ఎవరినీ లోనికి పంపకండి.

ఒకడు అంటించిన నిప్పు ముండ్లకంపలకు పాకి పొరుగువాని పంటకుప్పను కాల్చితే, అంటించినవాడే నష్టము అచ్చుకోవలెనని నిర్గమకాండము 22:6 చెప్పుచున్నది. మన గట్టుమీద వేసిన మంటకు మనమే బాధ్యులము. ఈ వారమే మీ కుప్పకు, శాలకు మధ్య ఎన్ని అడుగులున్నవో కొలిచి చూడండి.